జపాన్ స్పీడు కారు: కొనేముందు, మార్చేముందు, నడిపేముందు ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి

అమరచింత, ఆత్మకూర్, గద్వాల వైపు ఏ గల్లీకి వెళ్లినా దుబాయ్‌లోనో, సౌదీలోనో, కువైట్‌లోనో పని చేసే మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. అలాంటి ఇళ్లకు ఈ మధ్య ఒక కొత్త రకం ఫోన్ వస్తోంది. "భాయ్, జపాన్ బండి ఉంది, టర్బో. ఇక్కడ రేటులో సగానికే ఇప్పిస్తా. కాగితాలన్నీ నేనే చూసుకుంటా." ఇరవై ఏళ్ల తమ్ముడికి ఆ మాట వింటే నిద్ర పట్టదు. పదేళ్లు ఎండలో పనిచేసి దాచిన డబ్బు ఉన్న అన్నకు అసలు నిద్ర పట్టొద్దు.

నేను కామర్స్ చదివినవాణ్ణి, మిస్త్రీని కాను. అందుకే ముందు లెక్కతో మొదలుపెట్టి, తర్వాత ఇంజన్ దగ్గరికి వస్తాను.

ఏ కార్ల గురించి మాట్లాడుతున్నాం?

జపాన్ కంపెనీలు తమ సొంత మార్కెట్ కోసం చేసిన వేగపు కార్లను కుర్రాళ్లు 'జేడీఎం' అంటారు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, సుబారు ఇంప్రెజా, హోండా సివిక్ టైప్-ఆర్ వీటిలో పేరున్నవి. 2004 దాకా జపాన్ కంపెనీలు తమలో తాము ఒక ఒప్పందం పెట్టుకుని, ఏ కారుకూ 280 పీఎస్‌కు మించి పవర్ చూపించలేదు. కాగితం మీద అంతే ఉన్నా ఇంజన్లు మాత్రం ఇంకా ఎక్కువకు తట్టుకునేలా గట్టిగా చేశారు. సుప్రాలోని 3 లీటర్ల 2జేజడ్ ఇంజనుకూ, స్కైలైన్‌లోని 2.6 లీటర్ల ఆర్‌బీ26 ఇంజనుకూ ఆ పేరు రావడానికి కారణం అదే.

మన దేశంలో కంపెనీయే అధికారికంగా అమ్మినవి కొన్ని ఉన్నాయి. నిస్సాన్ 370జడ్, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్ 2010లో వచ్చాయి. నిస్సాన్ జీటీ-ఆర్ 2016 డిసెంబర్‌లో వచ్చింది, అప్పుడు ఢిల్లీ ఎక్స్-షోరూం ధర 1.99 కోట్లు. ఆ జీటీ-ఆర్ తయారీ జపాన్‌లో 2025 ఆగస్టులో ఆగిపోయింది. ఇవి షోరూం బిల్లుతో అమ్ముడైనవి కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా కాగితాల జాడ దొరుకుతుంది.

పాత స్కైలైన్ తెప్పించుకోవచ్చా?

కుదరదు. వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి కేంద్రం పెట్టిన షరతులు ఇవి:

- కారు తయారై మూడేళ్లు దాటకూడదు.
- స్టీరింగ్ కుడివైపు ఉండాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రోడ్డుకు సరిపోయేలా, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి.
- ఓడ ఎక్కకముందే, బండి మన మోటారు వాహన నిబంధనలకు సరిపోతుందని ధ్రువపత్రం ఉండాలి.
- వాడిన కారు ముంబై పోర్టు ద్వారానే రావాలి.
- దిగాక గుర్తింపు పొందిన టెస్టింగ్ సంస్థలో, ఉదాహరణకు పుణెలోని ఏఆర్‌ఏఐలో, పరీక్ష జరగాలి.
- ఇంకా కనీసం ఐదేళ్లు రోడ్డుకు పనికొస్తుందని, సర్వీసు దొరుకుతుందని హామీ ఉండాలి.

సుప్రా పాత మోడల్, ఆర్‌ఎక్స్-7, స్కైలైన్ ఆర్34 మూడూ 2002తోనే ఆగిపోయాయి. మూడేళ్ల నిబంధన దగ్గరే అవి బయటికి పోతాయి. కాబట్టి "ఆర్34 తెప్పించి నీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తా" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

గల్ఫ్‌లో మనవాళ్లు నడిపే కారు సంగతేంటి? అక్కడి కార్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మామూలు వాడిన కార్ల నిబంధన కింద అది రాదు. అక్కడ కొన్నేళ్లుండి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకు కొన్ని సడలింపులు ఉన్నా కస్టమ్స్ పన్ను మాఫీ మాత్రం లేదు. మీ కేసులో ఏది వర్తిస్తుందో లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే అడుగు వేయండి. 'కార్నెట్' మీద తెచ్చిన బండి కొద్ది నెలలు తిప్పి వెనక్కి పంపాల్సినది. దాన్ని కొనడం, అమ్మడం రెండూ తప్పే.

15 లక్షల కారు 50 లక్షలు ఎట్ల అవుతుంది?

నిబంధనలన్నీ సరిపోయిన, మూడేళ్లలోపు వాడిన కారు ఒకటి ఉందనుకుందాం. కారు ధర, ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కలిపి ముంబై పోర్టులో విలువ 15 లక్షలు. 2025 బడ్జెట్‌లో పెట్టిన రేట్లు, అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన జీఎస్‌టీ రేటు వేస్తే:

- పోర్టు విలువ: 15,00,000
- కస్టమ్స్ సుంకం 70 శాతం: 10,50,000
- వ్యవసాయ మౌలిక సెస్సు 67.5 శాతం: 10,12,500
- ఇప్పటికి మొత్తం: 35,62,500
- దానిపై జీఎస్‌టీ 40 శాతం: 14,25,000
- చివరికి: 49,87,500

దీనిమీద తెలంగాణ లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, టెస్టింగ్ ఖర్చు, ముంబై నుంచి ఇక్కడిదాకా ట్రక్కు కిరాయి విడిగా. ఇంకో మాట. 15 లక్షలు అని మనం బిల్లు చూపిస్తే సరిపోదు. అసలు విలువ ఎంతో కస్టమ్స్ వాళ్లు తేలుస్తారు.

ఇప్పుడు "సగం రేటుకే" అన్న మాట మళ్లీ వినండి. పన్ను కట్టిన బండి ఆ రేటుకు రాదు. అంటే ఎక్కడో ఒకచోట పన్ను ఎగ్గొట్టారు, లేదా బండే వేరు.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

2025 మేలో డీఆర్‌ఐ అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఒక కార్ల వ్యాపారిని అరెస్టు చేశారు. అమెరికా, జపాన్‌ల నుంచి కొన్న ఖరీదైన కార్లను దుబాయ్‌కో, శ్రీలంకకో తీసుకెళ్లి, అక్కడ ఎడమ స్టీరింగ్‌ను కుడివైపుకు మార్పించి, నకిలీ పత్రాలతో విలువను సగం దాకా తగ్గించి చూపించారన్నది అధికారుల ఆరోపణ. లెక్సస్, టొయోటా ల్యాండ్ క్రూజర్ లాంటి జపాన్ బండ్లూ ఆ జాబితాలో ఉన్నాయి. 30కి పైగా కార్లు, 25 కోట్లకు పైగా పన్ను ఎగవేత అని లెక్క చెప్పారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో, భూటాన్ మీదుగా వచ్చాయన్న కార్లను కొన్నవాళ్ల ఇళ్ల నుంచే పట్టుకెళ్లారు.

ఆ రెండో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. తెచ్చినవాడు ఎవరైనా కావచ్చు, బండి నిలబడి ఉండేది కొన్నవాడి వాకిట్లో. తప్పుడు మార్గంలో వచ్చిన వస్తువును జప్తు చేసే అధికారం కస్టమ్స్ చట్టం ఇస్తుంది. "నాకు తెలియదు" అన్న మాటతో డబ్బు వెనక్కి రాదు.

స్టీరింగ్ మార్పిడిలో ఇంకో ప్రమాదం ఉంది. స్టీరింగ్ ర్యాక్, బ్రేకు బూస్టర్, పెడల్స్, డ్యాష్‌బోర్డు, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు రావాలి. కంపెనీ కొలతల ప్రకారం కాకుండా షెడ్డులో వెల్డింగ్ చేస్తే, యాక్సిడెంట్ రోజున ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

కొనేముందు చూడాల్సిన కాగితాలు

1. బిల్ ఆఫ్ ఎంట్రీ. కస్టమ్స్ పన్ను కట్టినట్టు రుజువు ఇదే. దాని మీది ఛాసిస్ నంబర్, ఆర్‌సీ మీది నంబర్, బండి మీద చెక్కిన నంబర్ మూడూ ఒక్కటే కావాలి. కాపీ చూసి ఊరుకోకండి, ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో సరిచూడండి.
2. ఆర్‌సీ. వాహన్ పోర్టల్‌లో నంబర్ కొట్టి మోడల్, ఇంధనం, తయారీ నెల, ఫైనాన్స్ ఉందా లేదా చూడండి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ తప్పదు. వనపర్తి ఆర్‌టీఏలో టీజీ 32 సిరీస్‌లోకి మార్చేటప్పుడు లైఫ్ టాక్స్ మళ్లీ లెక్కకు వస్తుంది. ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.
3. జపాన్ వేలం షీటు. జపాన్‌లో వాడిన కారుకు వేలం సంస్థ గ్రేడు వేస్తుంది. 4.5, 4 అంటే మంచిది. ఆర్ లేదా ఆర్‌ఏ అని ఉంటే యాక్సిడెంట్ అయి రిపేరు చేసిన బండి అని అర్థం.
4. ఇన్సూరెన్స్, పాత క్లెయిముల వివరం, పీయూసీ.

తర్వాత బండిని ఎత్తించి కింద చూడండి. కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అన్ని సిలిండర్లు దాదాపు ఒకే అంకె చూపించాలి, పది శాతానికి మించి తేడా ఉంటే ఇంజన్ విప్పే ఖర్చు మీ నెత్తిన పడినట్టే. టైర్ల పక్కన నాలుగు అంకెలుంటాయి. 3221 అంటే 2021లో 32వ వారం తయారైనది. జపాన్ నుంచి వచ్చిందన్న బండిలో రేడియో కూడా ఒక సాక్షి. అక్కడి పాత సెట్ల ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకే పట్టుకుంటుంది, మన స్టేషన్లు చాలావరకు రావు.

మార్పులు: చట్టం ఎక్కడ గీత గీసింది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే సెక్షన్ 182-ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

- రంగు మార్చడం: ఆర్‌టీఏకు చెప్పి ఆర్‌సీలో రాయిస్తే సరే.
- ఇంజన్ మార్చడం: అనుమతి లేకుండా వద్దు. ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది.
- సైలెన్సర్ తీసేయడం, మోత చేసేది పెట్టడం: నేరం. సెక్షన్ 190 కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు రద్దు.
- నల్ల ఫిల్ము: 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపేసింది.
- టైర్లు, అల్లాయ్‌లు: కంపెనీ ఆ మోడల్‌కు చెప్పిన సైజుల్లోనే ఉండాలి.

ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఏం మార్చినా, క్లెయిమ్ రోజున సర్వేయర్ మొదట అడిగేది దాని గురించే. ఐదు వేల జరిమానా కట్టి బయటపడొచ్చు. యాభై లక్షల క్లెయిమ్ పోతే ఇల్లు కదులుతుంది.

పవర్ పెంచాలంటే ఏ వరుసలో?

అనుభవమున్న మిస్త్రీలు చెప్పే వరుస ఒకటే: ముందు ఆపడం, తర్వాత చల్లబరచడం, ఆఖరున పెంచడం.

మొదట మంచి టైర్లు, కంపెనీ గ్రేడు బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్. తర్వాత రేడియేటర్, హోసులు, ఇంటర్‌కూలర్ శుభ్రం. ఇవి చట్టానికీ అడ్డు కావు, కారు నిజంగానే బాగా నడుస్తుంది. ఈసీయూ రీమ్యాప్ ఆ తర్వాతి మాట.

రీమ్యాప్ అంటే ఇంజన్ కంప్యూటర్‌కు కొత్త లెక్కలు నేర్పించడం. టర్బో ప్రెషర్ పెరిగితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వస్తుంది. దానికి తగినంత పెట్రోల్ కలవకపోతే మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. స్పార్కు మంట చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే అంటుకుంటే 'నాకింగ్' అంటారు, రాళ్లు గిలకొట్టినట్టు టిక్ టిక్ చప్పుడు. అది కొన్ని నిమిషాలు సాగితే చాలు, పిస్టన్ కరిగిపోతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చి అరగంటలో ఫైలు ఎక్కించి పోయేవాడికి ఆ సంగతితో పనిలేదు. డైనో మీద పెట్టి, మన పెట్రోల్‌తో, మన ఎండలో సరిచూసినదే రీమ్యాప్. పైగా ఈ మార్పు వారంటీకీ, ఇన్సూరెన్స్‌కూ, సెక్షన్ 52కీ అడ్డొస్తుంది. రేస్ ట్రాక్ బండికి సరే, రోజూ పిల్లల్ని స్కూలుకు దింపే బండికి వద్దు.

పెట్రోల్ సంగతి

జపాన్‌లో ఈ కార్లకు హై-ఆక్టేన్ పెట్రోల్ పోస్తారు, అది దాదాపు 100 ఆక్టేన్. మన దగ్గర ఎక్స్‌పీ95, ఎక్స్‌పీ100, పవర్ 99, స్పీడ్ 97 లాంటివి పెద్ద ఊళ్ల బంకుల్లో, కొన్ని హైవే బంకుల్లో దొరుకుతాయి. అమరచింత నుంచి బయలుదేరే ముందే ఎక్కడ పోయించుకోవాలో చూసుకోవాలి. దొరకని రోజు మామూలు పెట్రోల్ పోస్తే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు.

ఇప్పుడు మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు హోసులు, సీళ్లు దానికోసం చేసినవి కావు, గట్టిపడి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే హోసులు వేయించండి, పెట్రోల్ వాసన వస్తే వెంటనే ఆపండి. ఇథనాల్ తేమను లాగుతుంది. బండిని నెలల తరబడి అట్లనే నిలబెడితే ట్యాంకులో నీరు చేరుతుంది.

మన ఎండకు, మన రోడ్డుకు మెయింటెనెన్స్

ఇంజన్ ఆయిల్: టర్బో బండికి 5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అది. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాన్ని కాపాడేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. జాతీయ రహదారి 44 మీద వేగంగా వచ్చి ఇంటి ముందు టక్కున కీ తీయొద్దు. ఆఖరి కిలోమీటరు మెల్లగా నడిపి, ఒక నిమిషం ఇంజన్ ఆన్‌లో ఉంచి ఆపండి.

టైమింగ్ బెల్టు: సుప్రా 2జేజడ్, పాత ఎవల్యూషన్ 4జీ63, సుబారు ఈజే20 ఇంజన్లకు లక్ష కిలోమీటర్లకు ఒకసారి. మీటరును నమ్మలేకపోతే కొన్న రోజే మార్చేయండి. ఎవల్యూషన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి.

కూలెంట్: పాలమూరు వైపు మే నెలలో 42 డిగ్రీలు దాటడం మామూలే. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, లోపల గార కట్టి దారులు మూసుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. చిన్న మూత పాడై పెద్ద ఇంజన్ పోయిన సందర్భాలు తక్కువేం కాదు.

ఎయిర్ ఫిల్టర్: చూడ్డానికి బాగుంటుందని తెరిచి ఉండే ఫిల్టర్ పెడతారు. మన దుమ్ములో డబ్బాలో ఉండే కాగితం ఫిల్టరే నయం. వేడి గాలి లాగదు, ధూళినీ ఆపుతుంది.

కోత కాలం: జూరాల ఆయకట్టు ఊళ్లలో రోడ్డు మీద వడ్లు, గడ్డి ఆరబోస్తారు. కింద ఆనేలా దించిన కారు గడ్డిని లాక్కుపోతుంది, అది వేడి సైలెన్సర్‌కు, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు తగిలి అంటుకుంటుంది. బండి దించడం మానుకోండి, ఆ రోడ్డు మీద నుంచి వచ్చాక కింద ఒకసారి చూడండి.

బ్రేకు ఆయిల్: రెండేళ్లకు ఒకసారి, కిలోమీటర్లతో సంబంధం లేదు.

ఆర్‌ఎక్స్-7 లాంటి రోటరీ ఇంజన్ బండ్లు ఆయిల్‌ను తాగుతూనే నడుస్తాయి. పెట్రోల్ పోయించినప్పుడల్లా ఆయిల్ కడ్డీ చూడాల్సిందే.

విడిభాగాలు, మిస్త్రీ

హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి వైపు చాలా భాగాలు దొరుకుతాయి గానీ, ఈ కార్లవి ఎక్కువగా ఛాసిస్ నంబర్ ఇచ్చి, పార్ట్ నంబర్ తెలుసుకుని, జపాన్ నుంచో దుబాయ్ నుంచో తెప్పించుకోవాల్సినవే. షార్జాలో పాత విడిభాగాల పెద్ద మార్కెట్ ఉంది. అక్కడున్న మనవాళ్లతో తెప్పించినా బిల్లు ఉండాలి, పన్ను కట్టాలి. పాత టర్బో, పాత బ్రేకు భాగాలు చౌకగా వచ్చినా కొనొద్దు. పని చేసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం ఒక పుస్తకంలో రాసుకోండి. అమ్మే రోజు ఆ పుస్తకమే మీకు రేటు తెస్తుంది.

ఖర్చు లెక్క సులువుగా చెప్పాలంటే: బండి కొనడానికి పెట్టిన డబ్బులో కనీసం పదో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు చేతిలో ఉంచుకోండి. అది నా సొంత అంచనా, నియమం కాదు. ఆ డబ్బు మిగలకపోతే ఆ బండి మన స్థాయిది కాదని అర్థం.

అమ్మీ, అబ్బాలకు ఒక మాట

ఈ కారు తాళం చెవి ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి. 18 ఏళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి పట్టుబడితే, సెక్షన్ 199-ఏ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. రోడ్డు మీద పోటీ పెట్టుకుంటే సెక్షన్ 189 వేరే.

వేగం మీద ఇష్టం తప్పు కాదు. మన పిల్లల్లో చాలామందికి మెకానికల్ బుర్ర ఉంది. ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో ఆటోమొబైల్ చదివించి, మంచి వర్క్‌షాపులో రెండేళ్లు పెడితే, వాడే ఇలాంటి ఇంజన్లు విప్పి బిగించగలడు. ఈ కార్లకు కొనేవాళ్లకంటే బాగుచేసేవాళ్లు తక్కువ. ఆ పని తెలిసినవాడికి హైదరాబాద్‌లోనూ, దుబాయ్‌లోనూ గిరాకీ ఉంది.

ఆ ఫోన్ మళ్లీ వస్తే ఒక్క ప్రశ్న అడగండి: "బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్ ఎంత?" నిజమైన బండి అయితే ఐదు నిమిషాల్లో పంపిస్తారు. రేపు, ఎల్లుండి అంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.